యయాతి డబ్బా

మా ఇంట్లో పేపరు మొదట చదివే హక్కు మా మామయ్యగారిది. ఇంటికి పెద్ద కనక అని కాదు, తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి వరండాలో కాపు కాస్తారు కనక. సైదాబాదులో మా గల్లీకి పేపరు కుర్రాడు ఆరింటికి వస్తాడు. ఆరుంబావుకల్లా మామయ్యగారు రాజకీయాలు ముగించి, ఆరున్నరకి చావుకబుర్లు కూడా చూసేసి, ఆపైన పేపరు మడతలో పెట్టి పంచే రంగురంగుల కరపత్రాలలోకి దిగుతారు. కొత్తగా తెరిచిన టిఫిన్ సెంటరు, మోకాళ్ళ నొప్పుల శిబిరం, చీరల మీద తగ్గింపు ధరలు, ఏదీ వదలరు. నల్గొండ జిల్లాలో ముప్ఫయ్యారేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. అచ్చయిన కాగితాన్ని చదవకుండా పారెయ్యడం ఆయన దృష్టిలో సరస్వతీదేవికి అపచారం.

పోయిన మాఘమాసంలో ఒకనాడు నేను వంటింట్లో ఉప్మాకి పోపు వేస్తూండగా వరండాలోంచి కేక వినిపించింది.

"అమ్మా, జర ఇటు రా. ఇది విను."

గరిటె చేత్తోనే వెళ్ళాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, క్లాసులో పద్యం చదివే గొంతుతో చదివారు. యౌవనం కోసం యయాతి మహారాజు కన్నకొడుకుల ముందు చెయ్యి చాచవలసి వచ్చిందట. మనకా అవసరం లేదట. వయసుతోపాటు ఒంట్లో తరిగిపోయే హార్మోనులను రోజుకి రెండు చెంచాల పొడి తిరిగి నింపుతుందట. ఇక మందుల సంచి మొయ్యనక్కర లేదట.

చదవడం అయ్యాక కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని మెచ్చుకోలుగా తల ఊపారు. "ఎవరో గాని భారతం చదివినాయన రాసిండమ్మా. ఈ కాలంల ఇసుంటి తెలుగు ఎక్కడున్నది? ఇంత చదువుకున్నాయన అబద్ధం ఆడడు" అన్నారు.

లోపల పోపు మాడిపోయింది. ఎందుకంటే, భారతం చదివిన ఆ మహానుభావుడు మరెవరో కాదు, నేనే.

అసలు సంగతి చెప్పాలి. అంతకు రెండు నెలల ముందు నా పాత విద్యార్థి ఒకడు కాలేజీకి వచ్చాడు. నా దగ్గర చదువుకునే రోజుల్లో వ్యాసాలు బాగా రాసేవాడు. ఇప్పుడు ప్రకటనలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. "మేడం, మీ తెలుగు కావాలి" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా నేను తెలుగు చెబుతున్నాను. రెండో భాషగా తెలుగు తీసుకుంటే మార్కులు పడవని సంస్కృతంలో చేరిపోయే పిల్లలను చూసి చూసి ఉన్న దాన్ని. నా తెలుగు కావాలని నన్ను వెతుక్కుంటూ ఒక మనిషి రావడం అదే మొదలు. ఉబ్బిపోయానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గుపడవలసినవి వేరే ఉన్నాయి.

వాళ్ళు అంతకు ముందు ఎక్కడో చేయించిన అనువాదం చూపించాడు. "మీ శరీరము యొక్క గడియారమును వెనుకకు త్రిప్పండి" అని ఉంది. చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. తెలుగువాడికి గోడ మీద గడియారం గాని ఒంట్లో గడియారం ఎక్కడిది? ఇలా రాస్తే ఎవరు కొంటారయ్యా అని తిట్టి, ఎర్రకలం తీసి ఆ కాగితాన్ని మా ఇంటర్మీడియట్ పిల్లల జవాబుపత్రం దిద్దినట్టు దిద్దాను. దిద్దుతూంటే హుషారు పుట్టుకొచ్చింది. యయాతి తనంతట తనే వచ్చి కూర్చున్నాడు. ఇంగ్లీషులో "మందుల మీద ఆధారపడటం తగ్గుతుంది" అన్నట్టుగా పొడిగా ఒక ముక్క ఉంటే, దాన్ని "మందుల సంచి మొయ్యనక్కర లేదు" అని మార్చాను. వృద్ధుల ఇళ్ళలో తలుపు మేకుకి వేలాడే గుడ్డసంచి నా కళ్ళముందు మెదిలింది. బొమ్మ కట్టినట్టు ఉండాలని కదా మేం పిల్లలకు చెప్పేది!

"ఇదంతా నిజమేనా బాబూ?" అని ఒక్కసారి అడిగాను. అడిగానని చెప్పుకోవడానికే అడిగాను కాబోలు.

"మేడం, ఇది మందు కాదు, ఫుడ్. నష్టం ఏముంటుంది?" అన్నాడు.

మూడువేల రూపాయలు ఇచ్చాడు. వాటితో మా అమ్మాయికి చుడీదారు, మామయ్యగారికి ఉన్ని శాలువా కొన్నాను.

అంచేత ఆనాడు వరండాలో ఆయన చేతిలో నా వాక్యం ఉంది, భుజం మీద ఆ వాక్యం తెచ్చిన శాలువా ఉంది. అప్పుడే చెప్పేసి ఉండవలసింది. "మాడువాసన వస్తున్నది మామయ్యా" అని లోపలికి పోయాను.

ఆయన ఆ పొడి కొన్న సంగతి మాకెవరికీ తెలియదు. డబ్బా రెండువేల రెండువందలు. మూడు డబ్బాలు వాడితేనే గుణం అని కరపత్రంలో ఉంది. అదీ నేను చక్కగా, చదివినవాళ్ళకి వెంటనే ఎక్కేటట్టు రాశాను. పింఛను డబ్బులోంచి ఆరువేల ఆరువందలు ఫోనులో ఆర్డరు పెట్టించుకున్నారట. డబ్బాలు తన ట్రంకుపెట్టెలో, పాత రిజిస్టర్ల కింద దాచారు. పొద్దున్నే పాలలో కలుపుకుని తాగుతూంటే హార్లిక్సు అనుకున్నాం.

మొదటి నెలలో మనిషి నిజంగానే హుషారయ్యారు. మాదన్నపేట కూరగాయల మార్కెట్టు దాకా నడిచి వెళ్ళి తోటకూర బేరమాడి తెచ్చేవారు. "నాన్నకి ఈ ఏడు చలికాలం పడ్డట్టుంది" అన్నారు మా వారు, జుట్టుకి రంగు వేసుకుంటూ.

ఆ హుషారు అబద్ధం కాదు. మనిషి మనసు అలా చేస్తుంది. 1889లో పారిస్ నగరంలో బ్రౌన్ సెకార్ అనే పేరుమోసిన శాస్త్రజ్ఞుడు, 72 ఏళ్ళవాడు, కుక్కల నుంచీ గినీపందుల నుంచీ తీసిన బీజగ్రంథుల రసం సూదితో ఎక్కించుకుని, బలం వచ్చింది, మెట్లు ఎగబాకుతున్నాను అని పండితసభలో ప్రకటించాడు. లోకం అంతా గగ్గోలెత్తింది. చాలా కాలం తరువాత 2002లో ఆస్ట్రేలియాలో కొందరు అదే పద్ధతిలో ఆ రసం తీసి కొలిచి చూస్తే, అందులో ఉన్న హార్మోను మనిషి మీద పనిచేసేటంత లేనే లేదు. ఆయనలో పనిచేసింది ఆశ. హార్మోను అనే మాటే అప్పటికి పుట్టలేదు. 1905లో స్టార్లింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు దాన్ని వాడుకలోకి తెచ్చాడు. రేపెట్టేది, ఉద్రేకించేది అని ఆ గ్రీకు ధాతువు అర్థం. ప్రకటనలవాళ్ళకి ఇంతకంటె మంచి మాట ఎక్కడ దొరుకుతుంది? మా పాఠ్యపుస్తకాలలో "వినాళగ్రంథుల స్రావం" అని రాసేవారు. ఆ పేరుతో పొడి అమ్మితే ఒక్క డబ్బా కదలదు.

రెండో నెలలో మామయ్యగారికి దాహం ఎక్కువైంది. రాత్రుళ్ళు నాలుగైదుసార్లు లేచేవారు. ఎండలు ముదిరాయి కదా అనుకున్నాం. ఒళ్ళు కాస్త తగ్గితే, నడక వల్ల అనుకున్నాం. కళ్ళెదుట ఉన్నదాన్ని చూడకుండా ఉండటానికి మనకి ఎన్ని కారణాలు దొరుకుతాయో!

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఐ.ఎస్. సదన్ చౌరస్తా దగ్గర ఆయన రోడ్డు పక్కన కూలబడిపోయారు. అక్కడ పండ్లబండి పెట్టుకునే సాయెబుగారొకాయన గుర్తుపట్టి, నీళ్ళు తాగించి, ఆటోలో స్వయంగా తీసుకొచ్చాడు. "అమ్మా, బడే సాబ్‌కి బాగలేదు" అంటూ గేటు కొట్టిన ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆటో డబ్బులు ఎంత చెప్పినా పుచ్చుకోలేదు.

ఆస్పత్రిలో చూస్తే షుగరు 412. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా కాలేజీలో కొత్తగా చేరే లెక్చరర్ల వయసు ఉంటుంది. "తాతగారూ, మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగింది. ఆయన మాట్లాడలేదు. రెండోసారి అడిగితే చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చారు. మొదటి నెల మాత్రలు సగం చేశారట. రెండో నెల మానేశారట. "సంచి మొయ్యనక్కర లేదని రాసున్నది బిడ్డా" అన్నారు.

డాక్టరమ్మ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి నాకు ఇచ్చింది. "చాలా బాగా రాస్తారండీ వీళ్ళు. అందుకే పడిపోతారు పెద్దవాళ్ళు" అంది. నేను దాన్ని తీసుకున్నాను. వేళ్ళు కాలినట్టయింది.

ఆయన్ని నాలుగు రోజులు ఉంచారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఆ సూది చూసి మామయ్యగారు మొహం చిట్లిస్తే డాక్టరమ్మ నవ్వింది. "మీకు హార్మోను కావాలన్నారుగా తాతగారూ, ఇదే హార్మోను" అంది. నిజమే. ఇన్సులిన్ హార్మోనే. 1921లో టొరంటోలో దాన్ని కనిపెట్టిన నాటినుంచి ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్క లేదు. "మరి పొడిలాగ పాలలో కలుపుకుంటే పోలేదా?" అని ఆయన అడిగారు. మంచి ప్రశ్న! హెడ్మాస్టరు కదా. ఆమె చెప్పింది: ఇన్సులిన్ మాంసకృత్తు. మింగితే పొట్టలో కందిపప్పు అరిగినట్టు అరిగిపోతుంది, అందుకే సూదితో ఇవ్వాలి. పెరుగుదల హార్మోను కూడా అటువంటిదే. దాన్ని పొడిచేసి మింగితే ఒంటికి దక్కేది పప్పు తిన్న ఫలమే. అన్నీ అలా కావు సుమండీ. నేను పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర హార్మోనే, మింగితేనే పనిచేస్తుంది. కాని దాన్ని నెత్తురు పరీక్ష చేసి, మోతాదు కట్టి, డాక్టరు ఇచ్చింది. కరపత్రం ఇవ్వలేదు.

ఆ నాలుగు రాత్రులు ఆస్పత్రి బల్ల మీద కూర్చుని నేను చేసిన పని, నేను రాసినదాన్ని మళ్ళీ చదవడం. కరపత్రంలో "ప్రపంచ ప్రసిద్ధ వైద్యపత్రికలో నిరూపితం" అని ఉంది. రాసేటప్పుడు అది ఏ పత్రికో అడగలేదు. ఇప్పుడు వెతికాను. 1990లో అమెరికాలో న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రికలో రడ్‌మన్ అనే వైద్యుడు, ఆయన తోటివారూ ఒక వ్యాసం వేశారు. అరవై దాటిన 12 మంది మగవాళ్ళకి ఆరునెలలు పెరుగుదల హార్మోను సూదులు ఇస్తే కండ కొంచెం పెరిగి కొవ్వు కొంచెం తగ్గింది. అంతే. పన్నెండుమందే, అదీ సూదులు. పొడి ఊసే లేదు. ఈ ఒక్క వ్యాసాన్ని పట్టుకుని పొడులూ మాత్రలూ స్ప్రేలూ అమ్మేవాళ్ళు ఎంతగా ఊరేగించారంటే, చివరికి 2003లో ఆ పత్రికవారే, మా వ్యాసం చూపించి అమ్ముతున్న సరుకుని నమ్మకండి, ఈ ప్రకటనలు తప్పుదోవ పట్టిస్తున్నాయి అని సంపాదకీయం రాసుకోవలసి వచ్చింది. కథలో ముందుసగం చెప్పి వెనకసగం మింగేశారన్నమాట.

అది చదువుతూంటే నాకు యయాతి జ్ఞాపకం వచ్చాడు. నేను చేసిందీ అదే! ఆదిపర్వంలో యయాతి, శుక్రుడి శాపంతో ముసలివాడై, నలుగురు కొడుకులు కాదంటే చిన్నవాడు పూరుడి దగ్గర యౌవనం తీసుకున్నమాట నిజమే. కాని వెయ్యేళ్ళు అనుభవించి, దీనికి అంతు లేదని తెలుసుకుని, ఆ యౌవనాన్ని తనంతట తనే కొడుక్కి తిరిగి ఇచ్చేసి ముసలితనం తీసుకున్నాడు. కథంతా అక్కడే ఉంది. ఏటేటా పిల్లలకి చెప్పే దాన్ని, కరపత్రంలో వాటం కోసం సగంలో తెగ్గొట్టాను.

డబ్బా మీద చీమతలకాయంత అక్షరాలలో "హెల్త్ సప్లిమెంట్, నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఇంగ్లీషులో ఉంది. వైద్యానికి పనికిరాదని వాళ్ళే ఒప్పుకున్నారు. చట్టం ప్రకారం రాసి తీరాలి, రాశారు. ఆ ముక్కని తెలుగు చెయ్యమని మాత్రం నన్ను ఎవరూ అడగలేదు.

చట్టాలు లేక కాదు. 1954లోనే ఔషధాలు, మాయచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం వచ్చింది. షుగరు, కాన్సరు, పక్షవాతం వగైరా 54 జబ్బుల పట్టిక వేసి, వీటిని నయం చేస్తామని మందుల ప్రకటన వేస్తే మొదటిసారికి ఆరునెలల జైలుదాకా పెట్టారు. 1945 నాటి ఔషధాల నిబంధనలలో "జె" అనే పట్టిక ఒకటుంది. ఏ మందూ నయం చేస్తానని చెప్పుకోరాని వాటి జాబితా. అకాల వార్ధక్యం, బాలనెరుపు, బట్టతల, చివరికి "యౌవనం తిరిగి తెచ్చే శక్తి" కూడా అందులో ఉన్నాయి. ఆ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నేను ఏ వరం అమ్మానో దాన్ని పేరుపెట్టి మరీ నిషేధించారు! కాని అది మందులకి. మాది "ఫుడ్" కదా. సరే, ఆహారం సంగతే చూద్దామని చూస్తే, 2016లో ఇటువంటి పొడుల కోసం చేసిన నిబంధనల్లో వీటిలో హార్మోనులు, స్టెరాయిడ్లు కలపరాదని స్పష్టంగా ఉంది. అంటే ఆ డబ్బాలో హార్మోను ఉంటే చట్టం తప్పినట్టు. లేకపోతే కరపత్రం అబద్ధం ఆడినట్టు. ఎటు తిప్పినా నా వాక్యం నిలబడదు. ఇరవై రెండేళ్ళు వ్యాకరణం చెప్పిన దాన్ని, ఇంత పెద్ద తప్పు నా ఎర్రకలానికి కనపడలేదు.

మందుకీ తెలుగు అచ్చుకీ చుట్టరికం కొత్తది కాదని నన్ను నేను ఓదార్చుకోబోయాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు, ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. మద్రాసులో మందుల కేసరిగారు 1928లో గృహలక్ష్మి నడిపారు. మూసీ అవతల మా అంబర్‌పేటలో 1920 నుంచి జిందా తిలిస్మాత్ తయారవుతూనే ఉంది, మా ఇంట్లో అలమారలో ఎప్పుడూ ఒక సీసా ఉంటుంది. కాని పంతులుగారు తలనొప్పికి పూసుకోమన్నారు. యయాతిని పిలవలేదు. ఓదార్పు కుదరలేదు.

ఇంటికి తీసుకొచ్చిన రెండో రోజు, ఆయనకి సూది వేశాక, మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పేశాను. "మామయ్యా, ఆ కాగితం రాసింది నేను. శాలువా కూడా ఆ డబ్బుదే."

ఆయన చాలాసేపు పైకప్పుకేసి చూస్తూ పడుకున్నారు. కోప్పడితే బాగుండునని నేను ఎదురుచూశాను. చివరికి అన్నారు: "ఆ రోజు వరండాల నేను మెచ్చుకున్నప్పుడు నువ్వు అక్కడనే ఉన్నవు గద?"

"ఉన్నాను."

"అప్పుడు చెప్తే సరిపోవు గదమ్మా."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ ఒక్కటే చాలు. కరపత్రం రాసినందుకు నా దగ్గర సాకులు ఉన్నాయి. వరండాలో నోరు మూసుకున్నందుకు ఒక్కటీ లేదు. వరండాకీ వంటింటికీ పది అడుగులు. ఆ పది అడుగులకి రెండు నెలలు పట్టాయి నాకు.

నా పాత విద్యార్థికి ఫోను చేశాను. వాడు నిజంగా నొచ్చుకున్నాడు. తాతగారి ఆరోగ్యం గురించి నాలుగుసార్లు అడిగాడు. కరపత్రం ఆపించమంటే మాత్రం, "కంపెనీకి చెప్తాను మేడం, కానీ అచ్చయిపోయాయి" అన్నాడు. పైగా, తరువాతి విడతకి నన్ను ఇబ్బంది పెట్టరట. ఇప్పుడు తెలుగు యంత్రమే రాసిపెడుతోందట, అదీ పైసా ఖర్చు లేకుండా.

ఫిర్యాదు చేద్దామన్నది మామయ్యగారి ఆలోచనే. 2024లో తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖవారు, ఫలానా జబ్బు నయం చేస్తామని అట్టల మీద రాసుకున్న మందులను 1954 చట్టం కింద పట్టుకున్న వార్తలు ఆయన పేపర్లోంచి కత్తిరించి దాచారు! చదివి, కత్తిరించి, భద్రంగా దాచి, ఆ తరువాతే ఈ డబ్బాలు కొన్నారు. "అవి మందులు, ఇది భారతం గద" అన్నారు కొంచెం సిగ్గుగా. ఆ శాఖకి ఒకటి, ఆహార భద్రత వాళ్ళకి ఒకటి రాద్దామనుకున్నాం. 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. 2019 నాటి వినియోగదారుల చట్టం కింద 2022లో వచ్చిన మార్గదర్శకాలలో తయారుచేసినవాళ్ళు, అమ్మినవాళ్ళు, ప్రకటన కంపెనీ, దాన్ని మెచ్చుకుంటూ బొమ్మ వేయించుకున్న తారలు, అందరూ ఉన్నారు. చాటున కూర్చుని తెలుగు రాసిచ్చిన పంతులమ్మ మాట ఎక్కడా కనపడలేదు.

"రాయి" అన్నారు, దిండుకి ఆనుకుని కూర్చుని. నేను మొదలుపెట్టాను: వృద్ధాప్యమనే సాయంసంధ్యలో వెలుగు కోసం వెతికే అమాయకుల...

"కొట్టెయ్ అది" అన్నారు. "సాయంసంధ్య ఎందుకు? నా వయసు 76 అని రాయి. డబ్బా ఎంత, ఎన్ని రోజులు తాగిన, షుగరెంతకు పోయింది, గంతే రాయి."

అలాగే రాశాను. డబ్బా ధర, కొన్న తేదీ, మానేసిన మాత్రల పేర్లు, 412. ఒక పేజీ కూడా నిండలేదు. సంతకం పెట్టబోతూ కలం ఆపారు.

"రాసినామె పేరు ఏది?"

నేను ఆయన మొహంలోకి చూశాను. కాలేజీ, ప్రిన్సిపాలు, స్టాఫ్ రూములో నవ్వులు, పిల్లలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. మా వారు తలుపు దగ్గర నిలబడి, "అది అవసరమా నాన్నా?" అన్నారు. ఆయన జవాబు చెప్పలేదు, కాగితం నా వైపు జరిపారు.

ఈ కరపత్రంలోని తెలుగు నేను రాశాను, మూడువేల రూపాయలు తీసుకున్నాను అని కింద రాసి, పేరు, డిగ్రీ, ఇంటి చిరునామా వేశాను. మరునాడు స్పీడు పోస్టులో రెండూ పంపించి వచ్చాం. ఇంకా జవాబు రాలేదు. పొద్దున్న పేపరు మడతలోంచి మళ్ళీ ఆ కాగితం రాలిపడితే మామయ్యగారు గబుక్కున తీసి, ఎర్రకలం అడిగారు.